ముందు ఎవరికి నీళ్లు?

రోహిణి కార్తె వచ్చింది. ఈ ఎండలకు రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే నెలాఖరుకు మన విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో ఎర్రనేల గట్టిపడి గునపానికి లొంగదు. నూతిలో చేద అడుగు తాకుతుంది. ఇంకో పది పదిహేను రోజులు ఓర్చుకుంటే మృగశిర వస్తుంది, తొలకరి పడుతుంది. కాని ఆ పదిహేను రోజులే పెరటి మొక్కలకు గండం. కార్తీక మాసంలో అందరూ తోటమాలులే. మనం ఎలాంటి తోటమాలులమో రోహిణి కార్తె తేలుస్తుంది.

పెరడున్న ప్రతి ఇంట్లోనూ ఈ రోజుల్లో సాయంత్రమయ్యేసరికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఉన్నవి నాలుగు బిందెల నీళ్లు. ఎవరికి పొయ్యాలి? చూడడానికి చిన్న ప్రశ్నే. కాని దీనికి మనం చెప్పే జవాబులో మన బ్రతుకు తీరంతా కనిపిస్తుంది.

కొన్నేళ్ల క్రిందట మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. అప్పటికి మా అమ్మ ఉంది. మా పెరడు పెద్దదేమీ కాదు. ఒక మామిడి, ఒక మునగ, గోడ వార కరివేపాకు, స్నానాల నీళ్లు పోయే చోట అరటి, పందిరి మీద దొండపాదు, వీధి గుమ్మం దగ్గర కుండీల్లో నాలుగు గులాబీలు, ఒక మల్లె. ఆ ఏడు నుయ్యి బాగా దిగిపోయింది. ఉన్న నీళ్లు అన్నిటికీ సమానంగా పంచాలని నేను నిశ్చయించుకున్నాను. మొక్కకొక చెంబు చొప్పున, రోజూ. ఇంతకంటే న్యాయం ఏముంటుందనుకున్నాను.

వారం తిరిగేసరికి నా న్యాయం ఏపాటిదో తెలిసింది. మామిడికి ఆ చెంబెడు నీళ్లు లెక్కలోకే రాలేదు. దొండపాదు వాడిపోయింది. కరివేపాకు ఆకు రాల్చింది. ఎందుకంటే చెంబెడు నీళ్లు పైనున్న అంగుళం మట్టినే తడుపుతాయి. ఆ తడి కోసం సన్నని వేళ్లు పైకి వస్తాయి. మర్నాటి ఎండకు ఆ మట్టి మాడిపోతే వేళ్లూ మాడిపోతాయి. నేలలో ఉన్న మొక్కకు రోజూ కాస్త పోసేకంటే, మూడు నాలుగు రోజులకొకసారి సూర్యుడు వాలాక లోతుగా తడిసేటట్టు పోసి, పాదు మీద ఎండుటాకులు కప్పితే మేలు. అందరికీ కొంచెం కొంచెం ఇచ్చి నా మనస్సును తృప్తిపరచుకున్నానే గాని, ఎవరి దాహమూ తీర్చలేదు.

అమ్మ అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. ఒకరోజు అన్నది: "అందరికీ ఒకే చెంబు పోసేస్తే నాయం అయిపోద్దేటిరా? మావిడిసెట్టుకి కాళ్లున్నాయి. నీళ్లు ఎక్కడుంటే అక్కడికి నడిసి పోతాది. కుండీలోదాని కాళ్లు మనమే కట్టేసినాం."

ఆ మాట చాలా రోజులు నన్ను వదలలేదు. మామిడి వేళ్లు ఎక్కడెక్కడికో పోయి తడి వెతుక్కోగలవు. కుండీలోని మొక్క జానెడు మట్టి దాటి పోలేదు. అది దాని తప్పు కాదు. దాన్ని అక్కడ పెట్టింది నేను. అది పనికి వచ్చే మొక్కా, వట్టి అందానికి పెట్టుకున్న మొక్కా అన్నది తరువాతి మాట. ఎవరి కాళ్లు మనం కట్టేశామో వారి దాహానికి మనం జవాబుదారులం. ఇంట్లో పసిబిడ్డ, మంచాన పడ్డ ముసలి తండ్రి, మన ఊరు విడిపించి మనతో తెచ్చుకున్న అత్తగారు, కట్టుకొయ్యకు కట్టిన ఆవు, వీళ్లందరూ నడిచివెళ్లి నీళ్లు తెచ్చుకోలేనివాళ్లే. మనం మరిచిపోతే వాళ్లకు ఇంకో నుయ్యి లేదు.

నేను ఆ మాటను పట్టుకుని గులాబీ కుండీలకు శ్రద్ధగా నీళ్లు పొయ్యడం మొదలుపెట్టాను. అక్కడే ఇంకో తప్పు చేశాను. మా వీధి చివర ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. కొడుకులిద్దరూ పనుల కోసం వలసపోయారు. మన ప్రాంతంలో ఇది ప్రతి వీధిలోనూ ఉన్న కథే. ఒక సాయంత్రం ఆమె ఖాళీ బిందెతో మా గుమ్మం ముందు నిలబడింది. "బాబూ, రెండు బిందెలు తోడుకోనా? కుళాయి రాలేదు" అని అడిగింది. "నూతిలో నీళ్లు అడుగంటిపోయాయమ్మా, రేపు చూద్దాం" అన్నాను. ఆమె సరేనని తల ఊపింది. వెనక్కి తిరిగేటప్పుడు ఆమె చూపు గుమ్మం పక్కనున్న కుండీల మీద పడింది. మట్టి ఇంకా తడిగా ఉంది. కుండీల కింద నీళ్లు కారి గచ్చు మీద మడుగు కట్టి ఉంది. ఆమె ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

రాత్రి అన్నం సహించలేదు. చీకట్లోనే రెండు బిందెలు తోడి ఆమె ఇంటికి మోసుకెళ్లాను. తలుపు తీసి, "మొక్కలు బతికినాయా బాబూ?" అని అడిగింది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. మర్నాటి నుంచి ఆమె తన బియ్యం కడిగిన నీళ్లు చిన్న గిన్నెలో తెచ్చి మా మల్లె కుండీలో పోసి వెళ్లేది.

మనిషి దాహం అన్నిటికంటే ముందు. అందులో తర్కానికి చోటు లేదు. 2015లో వెలువడిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఫ్రాన్సిస్ పాపుగారు తాగునీరు ప్రతి మనిషికీ ఉన్న మౌలికమైన హక్కు అన్నారు. మూత్రపిండాల వ్యాధితో ఎన్నో ఇళ్లు చితికిపోయిన ఉద్దానంలో మంచినీళ్ల బిందె విలువ ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అయితే మనిషికి ఇవ్వడమంటే మొక్కను చంపుకోవడమని కాదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు, ఇవన్నీ మనిషి పని తీరాక మొక్కకు చేరగల నీళ్లే. పొరుగామె బిందె నిండాక కూడా మా మల్లె బ్రతికింది. ఆమె వల్లనే బ్రతికింది.

అమ్మ మాటకు ఒక హద్దు కూడా ఉంది. కాళ్లున్న చెట్టు ఎప్పుడూ నిలబడే ఉంటుందని అనుకోకూడదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఉద్దానంలో ఎన్నో ఏళ్లుగా ఇళ్లను పోషించిన కొబ్బరి చెట్లు, జీడి చెట్లు ఒక్క పూటలో కూలిపోయాయి. బలంగా ఉన్నాడని మనం ఎన్నడూ పలకరించని అన్నయ్య, అందరి బరువూ మోసే ఇల్లాలు, ఒకరోజు అలాగే కూలిపోవచ్చు. మామిడికి రోజూ నీళ్లక్కర్లేదు. కాని రోజూ ఒకసారి తలెత్తి చూడాలి.

కూలిన చోటే మళ్లీ కొబ్బరి మొక్క పెట్టినవారి సంగతి ఆలోచించండి. నాటు కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. మొదటి వేసవులు గడవాలంటే ఎండ తగలకుండా తాటాకు నీడ కట్టాలి. పాదులో కొబ్బరి డొక్కలు పేర్చి తడి నిలపాలి. నీళ్లు మోసి పొయ్యాలి. డెబ్బై ఏళ్లు పైబడిన మనిషి ఆ పని చేస్తున్నాడంటే, ఆ కాయ తాను తింటానని కాదు గదా!

లూకా సువార్త 13వ అధ్యాయంలో కాయని అంజూరపు చెట్టు ఉపమానం మనకు తెలిసిందే. నరికెయ్యమన్న యజమానిని తోటమాలి ఒక్క ఏడాది గడువు అడిగాడు. ఊరికే అడగలేదు. చుట్టూ తవ్వి ఎరువు వేసే పని తన మీద వేసుకున్నాడు. జాలి పడడం తేలిక. జాలి పడ్డ చోట గునపం పట్టడమే కష్టం.

పాఠకులారా! ఇంకొద్ది రోజుల్లో వానలు పడతాయి. సంతలో మొక్కలవాళ్లు వస్తారు. పచ్చని నారు, పూల కుండీలు చూస్తే మనస్సు ఆగదు. అన్నీ కొనాలనిపిస్తుంది. అప్పుడు ఒక్క క్షణం ఈ రోహిణి ఎండను తలచుకోండి. వచ్చే మే నెలాఖరులో దీనికి నీళ్లు పొయ్యగలనా అని అడగండి. పొయ్యగలిగినన్నే నాటండి. మొక్క విషయంలోనే కాదు, ఇచ్చే ప్రతి మాట విషయంలోనూ ఇదే లెక్క. మాటలు ఇచ్చేది వానాకాలంలో, నిలుపుకోవలసింది ఎండాకాలంలో.

ఈ సాయంత్రం పెరట్లోకి వెళ్లేముందు వీధి గుమ్మం వైపు ఒకసారి చూడండి. ఎవరైనా ఖాళీ బిందెతో నిలబడి ఉన్నారేమో!