జాలిపడే హక్కు ఎవరిది?



కరుణ గురించి ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఈసారి ఒక అమెరికా నవలతో చెప్పుకుందాం. హార్పర్ లీ రాసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' 1960లో అచ్చయింది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి పొందింది. కథ 1930లలో, అలబామా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో నడుస్తుంది. చెప్పేది స్కౌట్ అనే తెల్లజాతి పాప.

టామ్ రాబిన్సన్ నల్లజాతి కూలీ. మెయెల్లా అనే తెల్ల యువతిని చెరిచాడని అతని మీద కేసు. ఆమెకు దెబ్బలు ముఖం కుడివైపు ఉన్నాయి, అంటే కొట్టింది ఎక్కువగా ఎడమచేత్తో. టామ్ ఎడమచెయ్యేమో చిన్నప్పుడే పత్తి జిన్నింగు మిషన్లో పడి పనికిరాకుండా పోయింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

అయితే అతన్ని ముంచింది ఇంకొక మాట. పైసా తీసుకోకుండా ఆమెకు పనులెందుకు చేసిపెట్టావని సర్కారు ప్లీడరు గుచ్చి గుచ్చి అడిగితే, ఆ పిల్లను చూస్తే జాలేసిందన్నాడు. అంతే! నల్లవాడు తెల్లదాని మీద జాలిపడటమా? జ్యూరీ అంతా తెల్లవాళ్ళే. దోషి అన్నారు.

చూడండి, జాలి కూడా పైనుంచి కిందికే పారాలట. మనమీద జాలిపడేవాళ్ళకు కొదవలేదు. మనం వాళ్ళమీద జాలిపడితే మాత్రం ఒళ్ళు మండుతుంది. తథాగతుడు కరుణ దగ్గర ఆగలేదు, సకల ప్రాణుల పట్ల మైత్రి దాకా వెళ్ళాడని బాబాసాహెబ్ రాశారు. మైత్రిలో పైమెట్టు, కిందిమెట్టు ఉండవు.

ప్లీడరు టామ్‌తో మాట్లాడే తీరు చూసి డిల్ అనే పిల్లవాడు ఏడుస్తాడు. పెద్దయ్యాక ఏడవడులే అంటాడు బయట ఒక పెద్దమనిషి. మసూర్ స్టేషన్లో మంచి బట్టలతో దిగిన పిల్లలు మహర్లని తెలియగానే స్టేషన్ మాస్టరు ముఖం ఎలా మారిపోయిందో బాబాసాహెబ్ ముప్పై ఏళ్ళు దాటాక కూడా మరిచిపోలేదు. అప్పటికి ఆయన పసివాడు.

నవల మీద నాకొక ఫిర్యాదుంది. టామ్ జైలు నుంచి పారిపోబోతే పదిహేడు తూటాలు దించారు. ఆ కబురు చెప్పడానికి స్కౌట్ నాన్న అతని ఇంటికెళ్తే, మెట్ల మీద చిన్నపాప నిలబడి ఉంటుంది. ఆ పాప ఏం చూసిందో పుస్తకంలో లేదు.

మన ఇళ్ళల్లోనూ అలాంటి పాపలున్నారు. ఈ ఆదివారం వందన అయ్యాక వాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకుని, బళ్ళో ఏం చూశారో అడగండి. మధ్యలో మాట్లాడకండి.