మోకు

లిథువేనియాలో కౌనస్ నగరంలో చదువుకుంటున్న మా మేనల్లుడు మొన్న ఫోన్ చేశాడు. "మామా, ఇక్కడి భాష నాకు కొంచెం వచ్చింది" అన్నాడు. ఏదీ, ఒక మాట చెప్పరా అన్నాను.

"మోకు" అన్నాడు.

నవ్వొచ్చింది. మోకు అంటే నాకు తెలిసింది ఒక్కటే. మా ఊళ్లో తాటిచెట్టు ఎక్కేవాళ్లు తమ నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు. వాడి మోకు వేరట. దానికి 'నాకు వచ్చు' అని అర్థం. 'నేను డబ్బు కడతాను' అన్నా అదే మాటట. వచ్చు అన్నా, కట్టు అన్నా అక్కడ ఒకే క్రియ.

వాడికి చిక్కంతా ఇంగ్లిషుతో వచ్చింది. మొదటి అక్షరం మింగేసి పలికే 'నో' అనే మాట ఉందే, అది ఇంగ్లిషులో అన్నిటికీ సరిపోతుంది. ఊరి పేరు తెలిసినా, ఊళ్లో మనిషి తెలిసినా, ఊరి చెరువులో ఈత తెలిసినా అదే మాట. లిథువేనియన్‌లోకి వెళ్లేసరికి అది మూడు ముక్కలైంది. సంగతి తెలిస్తే జినోతి, మనిషి పరిచయమైతే పజింతి, పని చేతనైతే మోకేతి. ఎక్కడ ఏది వాడాలో తెలియక తల పట్టుకున్నానన్నాడు.

"ఒరే, మనకూ మూడున్నాయి కదరా! తెలుసు, ఎరుగు, వచ్చు" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. పుట్టినప్పటి నుంచీ వాడుతున్న మాటల్ని వాడు ఎన్నడూ లెక్కపెట్టుకోలేదు. నిజానికి నేనూ అప్పుడే లెక్కపెట్టాను.

ఇంగ్లిషు ఎప్పుడూ ఇంత పొదుపుగా లేదు. పాత ఇంగ్లిషులో విషయం తెలియడానికి వితన్, పోల్చుకోవడానికి క్నావన్, చేతనవడానికి కున్నన్ ఉండేవి. కున్నన్ అరిగి అరిగి ఇప్పటి 'క్యాన్' అయింది. వితన్ పోతూ పోతూ 'విట్' లాంటి మాటల్ని వదిలి వెళ్లింది. మిగిలిన క్నావనే ఇప్పుడు బరువంతా మోస్తున్న 'నో'. ఇవి మనకు బొత్తిగా పరాయివి కావు. వితన్‌కు విద్య, వేదం చుట్టాలు. క్నావన్, జినోతి రెండూ జ్ఞానం పుట్టిన వేరు నుంచే వచ్చాయి. లిథువేనియన్లు అగ్నిని ఉగ్నిస్ అంటారు, ధూమాన్ని దూమస్ అంటారు, దంతాన్ని దంతిస్ అంటారు. సంస్కృతం ఎంతో కొంత చదివినవాళ్లకు ఆ భాష దూరపు బంధువుల ఇంట్లా ఉంటుంది.

నా మనసు మాత్రం మోకేతి దగ్గరే ఆగిపోయింది. బడి, పంతులు, విద్యార్థి, శాస్త్రం అనే వాళ్ల మాటలన్నీ ఆ కుదురులోనివే. రుసుము, పన్ను అనే మాట మోకెస్తిస్ కూడా అందులోదే. మన కార్పొరేట్ కాలేజీల వాళ్లు వింటే గేటు మీద రాయించుకుంటారు అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను. తర్వాత ఆ దేశం చరిత్ర గుర్తొచ్చి ఆ నవ్వు పోయింది.

1864 నుంచి 1904 దాకా, అంటే నలభై ఏళ్లు, రష్యా జారు ప్రభుత్వం లాటిన్ లిపిలో లిథువేనియన్ అచ్చు వేయడాన్ని నిషేధించింది. పుస్తకాలు సరిహద్దు అవతల ప్రష్యాలో అచ్చయ్యేవి. వాటిని రాత్రిళ్లు దొంగచాటుగా మోసుకొచ్చిన రైతుల్ని క్నిగ్‌నెషియై, అంటే పుస్తకాలు మోసేవాళ్లు, అన్నారు. దొరికినవాళ్లలో ఎందరినో సైబీరియాకు పంపారు. పిల్లలకు ఇంట్లో తల్లులే అక్షరాలు చెప్పారు. పెత్రాస్ రిమ్షా అనే శిల్పి 1906లో చెక్కిన శిల్పంలో ఒక తల్లి రాట్నం ముందు కూర్చుని వడుకుతూనే పక్కనున్న బిడ్డ చేత చదివిస్తుంటుంది. దాని పేరు 'కష్టాల బడి'. అక్షరానికి కట్టాల్సింది డబ్బే కానక్కర్లేదని ఆ దేశానికి ఎవరూ చెప్పనవసరం లేదు.

మన భాష తీరు వేరు. ఈత నాకు వచ్చు, వంట రాదు. విద్య ఎక్కడినుంచో నడిచి నా దగ్గరికి వస్తుంది. తెలుసు అన్నా 'నాకు' తెలుసు అనే అంటాం. ఎరుగు దగ్గర మాత్రం 'నేను' ముందుకొస్తాను: నేను ఆయన్ని ఎరుగుదును. మనిషిని తెలుసుకోవడం మన చేతిలో పని, విద్య మాత్రం వచ్చే అతిథి. ఎంత వినయం!

కానీ ఆ వినయం ఒకటి దాచేస్తుంది. చిన్నప్పుడు మా పక్కింటి గీత కార్మికుణ్ని అడిగాను, "చెట్టు ఎట్ల ఎక్కుతవు తాతా?" అని. "ఎట్ల చెప్పాలె బిడ్డా, వస్తది" అన్నాడు. ఆ మాటంటున్నప్పుడు ఆయన రొమ్ము మీద తాటి బోదె ఒరిపిడికి కాయలు కాసిన తోలు కనిపిస్తూనే ఉంది. ఎడమ మోచెయ్యి పూర్తిగా చాచలేడు. ఒకసారి మోకు జారి పడ్డాడట. ఆయన దాన్ని ఎన్నడూ తన విద్య లెక్కలో వేసుకోలేదు.

అలాగని లిథువేనియన్ మాటే గెలిచిందనీ అనలేను. నేను మూడేళ్లు ఫీజు కట్టి హార్మోనియం నేర్చుకున్నాను. వేళ్లు నొప్పి పుట్టాయే గానీ పాట రాలేదు. కట్టినంత మాత్రాన రావాలనే నియమం లేదు. అలాగే ఏమీ కట్టకుండా వచ్చింది నాలో ఏదైనా ఉందా అని వెతికితే అదీ కనబడలేదు. ఈత కూడా నడుముకు బెండ్లు కట్టుకుని, బావి నీళ్లు బోలెడు మింగాకే వచ్చింది.

బెండ్లూ కడతాం, మోకూ కడతాం, ఫీజూ కడతాం. రావాలంటే ఏదో ఒకటి కట్టాలన్న సంగతి తెలుగులో ఇన్నాళ్లూ 'కట్టు' అనే ఈ మాటలో నా కళ్ల ముందే ఉంది.

ఆ రోజు ఫోన్‌లో మేనల్లుడు "వచ్చింది" అన్నాడు. శభాష్ అని పెట్టేశాను. ఆ మంచు దేశంలో, ఒక్కడే ఉంటూ, ఏం కట్టావురా అని అడగలేదు.