మేఘములో ధనుస్సు



ఆదికాండము 9వ అధ్యాయము మనకు కొత్తది కాదు. జలప్రళయము తరువాత దేవుడు నోవహుతోను, ఓడ దిగిన సమస్త జీవులతోను నిబంధన చేసి, దానికి గురుతుగా మేఘములో ధనుస్సును ఉంచాడు. ఈ భాగము చదివినప్పుడెల్లా నా పాత తప్పు ఒకటి జ్ఞాపకము వస్తుంది.

చాలా ఏండ్ల క్రిందట సండే స్కూలులో ఈ పాఠము చెప్పుచుండగా ఒక పాప లేచి, "సార్, వాన చుక్కల్లో ఎండ వంగి విడిపోతే హరివిల్లు వస్తుందని బడిలో మీరే చెప్పారు గదా. మరి దేవుడు పెట్టాడంటారేమి?" అని అడిగింది. "ఇక్కడ బడి మాటలు ఎత్తకూడదు, కూర్చో" అన్నాను. కూర్చుంది. మరెన్నడూ ప్రశ్న అడగలేదు. టీచర్ ట్రైనింగ్ చేసినవాడినే, జవాబు తోచక గద్దించాను.

ఆనాడు చెప్పవలసినది ఇప్పుడు చెప్పుచున్నాను. సూర్యుని తెల్లని వెలుగులో అన్ని రంగులూ కలిసి ఉన్నవని న్యూటన్ గాజు పట్టకముతో 1660ల దశకములో పరీక్షించి చూపాడు. వాన చుక్కలోనికి వెళ్లే వెలుగు వంగుతుంది, చుక్క వెనుక గోడకు తగిలి మరలుతుంది, బయటికి వచ్చుచు మరల వంగుతుంది. ఒక్కొక్క రంగు ఒక్కొక్క మేర వంగును గనుక అవి విడిపోతాయి. మన తల నీడ పడే దిక్కునుండి కొలిస్తే ఎరుపు సుమారు 42 డిగ్రీల దూరములోను, ఊదా సుమారు 40 డిగ్రీల దూరములోను కనబడుతుంది. ఆ కొలత చుట్టూ ఒకటే గనుక అది గుండ్రము. క్రింది భాగమును నేల కప్పివేస్తుంది. చుక్కలో వెలుగు రెండుసార్లు మరలితే పైన మసకగా రెండవ విల్లు, రంగులు తలక్రిందులై వస్తుంది.

సూర్యుడు 42 డిగ్రీలకంటె ఎత్తులో ఉంటే నేలమీద నిలిచినవారికి విల్లు కనబడదు. అందుకే మన కోలారు జిల్లాలో సెప్టెంబరు, అక్టోబరు వానలకు మిట్టమధ్యాహ్నము ఎంత వెదకినా దొరకదు. మూడు దాటిన తరువాత, పడమటి ఎండకు వీపు పెట్టి తూర్పుకు చూడాలి, మన పెద్దలలో అనేకులు విడిచి వచ్చిన చిత్తూరు సీమ వైపునకు.

ఇంకొకటి గమనించండి. నా కంటికి రంగు పంపే చుక్కలు వేరు, నా ప్రక్కన నిలిచిన సహోదరుని కంటికి పంపేవి వేరు. ఎవరి విల్లు వారిదే. కన్ను ఎక్కడ ఉన్నదో దానినిబట్టి విల్లు. ఇది ఆలోచించినప్పుడే ఆ అధ్యాయము నాకు తెరువబడినది. ఆ ధనుస్సును చూచి జ్ఞాపకము చేసుకొనేది మనము అని అక్కడ లేదు. దేవుడు చూచి జ్ఞాపకము చేసుకొంటాడని ఉన్నది. మన కన్ను లేని చోట ఆయన కన్ను ఉన్నది.

మన తండ్రులు చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్ల లోతు వరకు దిగి పని చేసినవారు. పైన హరివిల్లు పొడిచిన సంగతి వారికి తెలిసేదా? 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పుడు "దేవుడు మనలను మరచిపోయాడు" అని ఏడ్చినవారిని నేనెరుగుదును. తరువాత మన పిల్లలు తెల్లవారక మునుపే మారికుప్పం రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్లి, చీకటి పడ్డాక తిరిగి వచ్చేవారైరి. మూడు గంటల ఎండలో తూర్పు చూచే తీరిక వారికేది?

చుక్కలో వెలుగు వంగడము తెలిస్తే గురుతు చెడునా? బాప్తిస్మపు తొట్టిలో మనము నింపేది బోరు నీళ్లే, కొన్ని వేసవులలో ట్యాంకరు నీళ్లు. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా నీటిలోనుండి లేచినవాని సాక్ష్యమును ఎవరూ తక్కువ చేయలేదు. నోవహుకు ముందు హరివిల్లు ఉన్నదా లేదా అని కొందరు వాదింతురు. ఆ వాదనకు నేను పోను.

ఆ పాప ఇప్పుడు బెంగళూరులో ఇద్దరు బిడ్డల తల్లి. ఈ పత్రిక ఆమె ఇంటికీ వెళ్తుంది. అమ్మా, ఆనాడు నీవు అడిగినది సరియైన ప్రశ్నే. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు బిడ్డలను వెంటబెట్టుకొని రా. ఎండ చాలు, వాన లేకపోయినా పెరటిలో గొట్టముతో నీళ్లు చిమ్మి చూపిస్తాను.