గట్టు మీద కాసేపు ఆగు తల్లీ

తల్లీ, బెంగళూరు ఉద్యోగాన్ని ఇంటి నుంచే చేసుకుంటూ, మీ నాన్న చేతికిచ్చిన అరెకరంలో పూలూ కూరగాయలూ పెంచుతానని నువ్వు గోవాడ వచ్చినందుకు ఈ మేనత్త ఎంత సంతోషించిందో నీకు తెలుసు. మొన్న నీ మడులు చూశాను. వంగ ఎడం చూసి నాటావు. టమాటా చుట్టూ బంతి పెట్టావు. కాయతొలుచు పురుగు గుడ్లు బంతి మీదికి పోతాయని ఎవరూ చెప్పకుండానే చదివి తెలుసుకున్నావు. నీ చేతికి మట్టి అలవాటవుతోంది. చెప్పాలనుకున్నది పంట గురించి కాదు.

పొద్దున్నే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వస్తున్నావు, నీళ్ళు కట్టుకుని అలాగే తిరిగి పోతున్నావు. పక్క చేలో పూలు కోసే పిన్ని "ఏటమ్మా, వాన వొస్తాదంటావా?" అని అడిగితే నవ్వి, తలూపి వెళ్ళిపోయావు. ఆవిడేమీ అనుకోలేదు. వాన సంగతి ఆవిడకి నీకంటే బాగా తెలుసు కూడా. నిన్ను పలకరించడానికి అడిగింది. ఇక్కడ పలకరింపు వానతో మొదలవుతుంది, పెళ్ళిళ్ళ మీదికి పోతుంది, మధ్యలో ఏ కుక్కో గట్టెక్కి వస్తే దాని కథతో సాగుతుంది. ఈ ఊసులు నీకు కాలక్షేపంలా వినబడుతున్నాయేమో. నా వయసంతా ఈ గట్ల మీదే గడిచింది, ఈ భూమి గురించి నాకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆ ఊసుల్లోనే దొరికింది. అందుకే అడుగుతున్నాను, కాసేపు ఆగు.

వాన సంగతే చూడు. ఫోనులో మేఘదూత్ చూస్తానన్నావు. మంచిదే, అది వాతావరణ శాఖా వ్యవసాయ శాస్త్రవేత్తలూ కలిసి 2019లో తెచ్చింది. రేపో ఎల్లుండో వాన పడుతుందా అన్నది అది చెబుతుంది. ఆ పడిన వాన మన చేలో ఏ మూల నిలుస్తుందో, మీ తూర్పు గట్టు ఎక్కడ తెగుతుందో చెప్పాల్సింది మాత్రం పక్క చేను బావే. మనకి నైరుతి వానలు ఒకసారి, ఆ వెనకే బంగాళాఖాతం తుఫాన్లు ఒకసారి. రెండు దెబ్బలూ తినే నేల ఇది. మృగశిర కార్తెలో వచ్చే వాన వేరు, చిత్తలో వచ్చేది వేరు. జూన్ వాన విత్తనం కోసం చూసే వాన. అక్టోబరు వానకి మాత్రం అందరి చూపూ తూర్పు మూలకే పోతుంది.

2014 అక్టోబరు 12 నువ్వు మర్చిపోయి ఉండవు. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన ఆదివారం. నిలువెత్తు చెరకు పడుకుండిపోయింది, అరటి ఒక్క చెట్టు మిగల్లేదు, కొబ్బరీ జీడిమామిడీ వేళ్ళతో లేచాయి. ముందు రోజు రేడియో, టీవీ అన్నీ చెబుతూనే ఉన్నాయి. చెప్పినదాన్ని పనిగా మార్చింది మాత్రం గట్టు మీద మాటే. పశువుల్ని పాకలోంచి విప్పేయండి, చెరకు జడలు గట్టిగా కట్టండి, కాలవ అడ్డం తీసేయండి అని ఒకరికొకరు అరుచుకుంటూ తిరిగాం. ఎవరితోనూ మాట్లాడని మనిషి ఇంటికి ఆ అరుపు ఆలస్యంగా వెళుతుంది తల్లీ. కావాలని ఎవరూ చెప్పకుండా ఉండరు, అంత హడావిడిలో నిత్యం పలకరించే మొహాలే ముందు గుర్తొస్తాయి.

నీ దగ్గరున్నది నువ్వూ ఇవ్వు. పూలు కోసేవాళ్ళలో చాలామందికి మామూలు బటన్ ఫోన్లే. పిడుగుల గురించి చెప్పే దామిని యాప్ నీ ఫోనులో ఉంటే, ఉరుములు మొదలవగానే అది చూసి కేకెయ్యి. 20 నుంచి 40 కిలోమీటర్ల దూరంలో పడుతున్న పిడుగుల్ని కూడా అది చూపిస్తుంది. ఉరిమితే చెట్టు కిందకి పరుగెత్తడం మనవాళ్ళకి చిన్నప్పటి నుంచీ అలవాటు, ప్రాణం పోయేది అక్కడే. "పిన్నీ, చెట్టు కిందొద్దు, పక్కా ఇంట్లోకి పదండి" అని నువ్వొక్కసారి అంటే, ఆ తర్వాత నీ మాట కోసం వాళ్ళే ఎదురుచూస్తారు.

పెళ్ళిళ్ళ ఊసుకి నీకు చిరాకని తెలుసు. ఎవరింట్లో ఎవరికి కుదిరిందో మనకెందుకంటావు. నువ్వు పూలు పండిస్తున్నావు, నీకు కావాలి. బంతి విత్తు మడిలో పోసిన దగ్గర్నుంచి పువ్వు బుట్టలో పడేసరికి సుమారు మూడు నెలలు. నారుకి నాలుగు వారాలు, నాటాక రెండు నెలలు పట్టనే పడుతుంది. అంటే ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేసుకుని విత్తాలి. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. పుష్యంలో సంక్రాంతి ఉంటుంది కాబట్టి గుమ్మాలకీ గొబ్బెమ్మలకీ పువ్వు కదులుతుంది గానీ పందిళ్ళకి కొనేవాళ్ళుండరు. దీనికి తోడు మూఢాలు. గురువో శుక్రుడో సూర్యుడి దగ్గరగా వచ్చి కనబడని రోజుల్లో మనవాళ్ళు తాళి కట్టరు. రెండేళ్ళ ఎనిమిది నెలలకోసారి అధికమాసం వస్తుంది. 2023లో జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం నడిచింది, శ్రావణమే కదా అని పూలు సిద్ధం చేసుకున్నవాళ్ళకి ముహూర్తాలు ఆగస్టు సగం దాటాక గానీ రాలేదు. 2026 పంచాంగంలో అది జ్యేష్ఠానికి పడింది, మే 17 నుంచి జూన్ 15 దాకా. పంచాంగం కొని నువ్వే చదువుకోవచ్చు, కాదనను. ఏ ఇంట పెళ్ళి ఆగిందో, ఎవరు మాఘానికి మార్చుకున్నారో, ఎవరు మండపానికి చామంతే కావాలంటున్నారో మాత్రం పంచాంగంలో ఉండదు. మల్లెకి చలికాలంలో నీళ్ళు ఆపి, కొమ్మ కత్తిరించే రోజు కూడా ఇలాంటి మాటల్లోనే తేలుతుంది.

పెళ్ళంటే పూలొక్కటే కూడా కాదు. గుమ్మడి, కంద, పనస, ములక్కాడ, అరటాకు అన్నీ ఎవరో ఒకరి పెరట్లోంచి వెళ్ళాల్సినవే. మాడుగుల హల్వా కొనుక్కొచ్చినా, కూర ఊరి పెరళ్ళదే. పెళ్ళికూతురి సారెలోకి అరిసెలు చేసే నాడు ఎవరి ఇంట మంచి బెల్లం ఉందో అందరికీ తెలిసే ఉంటుంది. నీ పాదున గుమ్మడికాయ ముదిరిందని నువ్వు చెప్పకపోతే వాళ్ళు చోడవరం పోయి కొనుక్కుంటారు, నీ కాయ నీ దగ్గరే ఉండిపోతుంది. డబ్బు తీసుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం. పెళ్ళివారింటికి మొదటి గుమ్మడికాయ ఊరికే ఇవ్వు, తర్వాతవి ధరకి ఇవ్వు అంటాను నేను.

ఈ ఊసుల్లో ఎలా ఉండాలో కూడా చెబుతాను. కట్నమెంతని అడగొద్దు. తప్పిపోయిన సంబంధం గురించి ఎవరైనా మొదలెడితే నువ్వు అందుకోవద్దు, మెల్లగా చెరకు పీక పురుగు మీదికి మాట తిప్పు. నిన్ను "నీ పెళ్ళెప్పుడే గుంటా" అని అడుగుతారు, తప్పదు. కోపం తెచ్చుకోకు. అడిగేవాళ్ళలో సగం మంది నీ మీద ప్రేమతోనే అడుగుతారు, మిగతావాళ్ళకి నేను చెప్పుకుంటాను. ఒక్కచోట మాత్రం మాట తిప్పకు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లకి సంబంధం చూస్తున్నారని చెవిన పడితే, అది ఎవరిల్లయినా సరే, ఆ తల్లితో కూర్చుని మాట్లాడు. వినకపోతే 1098కి ఫోన్ చెయ్యి. మొహమాటపడే చోటు కాదది. పిల్ల చదువు ఆగిపోయాక మనం బాధపడి లాభం లేదు.

ఇక కుక్కలు. నీకు వాటి మీద ఉన్న ప్రేమ నాకు నచ్చింది. పొద్దున్న నువ్వొస్తుంటే వెంటపడే ఆ ఎర్రమచ్చల కుక్క ఎవరిదో అడిగావు. ఎవరిదీ కాదు, గట్టు మీది అందరిదీ. పందులు చేలో పడ్డా, కోతులు పెరట్లో దిగినా మొదట లేచేది అదే. దాని గురించి మాట్లాడుకోవడంలో మన పనులన్నీ కలిసిపోతాయి. చిత్తకార్తె అక్టోబరు రెండోవారంలో వస్తుంది, తుఫాన్ల భయమూ కుక్కల గుంపుల గొడవా రెండూ ఆ రోజుల్లోనే. ఆ గుంపుల్లోకి చిన్నపిల్లల్ని పంపొద్దని మాకు పెద్దవాళ్ళు చెప్పేవారు. అక్కణ్ణుంచి రెండు నెలలకి, డిసెంబరు చలిలో పిల్లలు పుడతాయి. బెల్లం వండే గానుగల దగ్గర బూడిద రాత్రంతా వెచ్చగా ఉంటుంది, తల్లికుక్క కూనల్ని అక్కడికే చేరుస్తుంది. లేకపోతే చెరకు తోటలో, ఎండాకు కింద.

అందుకే చెరకు కొట్టాక ఎండాకు తగలబెట్టే ముందు ఒక్కసారి లోపలికి నడిచి చూడమని చెప్పు. కూనలుండొచ్చు, ముంగిసలుండొచ్చు. అసలు తగలబెట్టకుండా కార్సి చేలో సాళ్ళ మధ్య పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. అనకాపల్లిలో 1913 నుంచీ చెరకు మీద పని చేస్తున్న పరిశోధనా స్థానం వాళ్ళు చెప్పేదీ అదే. పుస్తకంలో చదివినట్టు చెబితే ఎవరూ వినరు. కుక్కపిల్లల మాట మధ్యలో చెబితే వింటారు.

కుక్క కరిచిన సంగతి వస్తే మాత్రం నవ్వులాటగా వదలకు. ఇప్పటికీ గాయం మీద కారం పెట్టేవాళ్ళున్నారు, పసరు పోయించుకుని ఊరుకునేవాళ్ళున్నారు. పాత రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచేవారని ఆ భయంతో ఆసుపత్రికి పోరు. ఆ మందు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు చేతికి వేస్తారు, ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు. సబ్బుతో, ధారగా పారే నీళ్ళ కింద పావుగంట కడగాలి, కట్టు కట్టకూడదు, ఆ రోజే మొదటి టీకా. తర్వాత మూడో రోజు, ఏడో రోజు, అటుపైన డాక్టరు కార్డు మీద రాసిన రోజులు ఒక్కటీ తప్పకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు, ముందే టీకా పడితే దాదాపు భయం లేదు. ఈ రెండు ముక్కలూ నీ నోటి నుంచి గట్టు మీద పదేపదే వినబడాలి.

ఆ ఎర్రమచ్చల దానికి కూడా టీకా వేయిద్దాం. జూలై 6న పశువైద్యశాలల్లో కుక్కలకి ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున పాశ్చర్ ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేశాడు, దాని గుర్తుగా. చాలా ఏళ్ళు ఆ రోజు ఆషాఢంలో పడుతుంది, పెళ్ళి హడావిడి ఉండదు, నాట్లకి ఇంకా వ్యవధి ఉంటుంది. నలుగురు కలిస్తే గట్టు మీది కుక్కలన్నిటినీ ఆటోలో ఎక్కించుకుపోవచ్చు. ఆ నలుగురూ ఎవరో నీకు తెలియాలంటే వాళ్ళతో ముందు నుంచీ మాటలుండాలి కదమ్మా.

మా కాలంలో గోవాడ ఫ్యాక్టరీ కాటా దగ్గర చెరకు బళ్ళు రాత్రంతా వరసలో ఉండేవి. మీ తాతయ్య ఆ వరసలో కూర్చుని తెచ్చిన కబుర్లతోనే మా ఇంట మరుసటేడు ఏం వేయాలో తేలేది. ఇద్దరు మేనబావల సంబంధాలు కుదిరింది కూడా ఆ బళ్ళ మధ్యే. అప్పుడు వరసలో నిలబడక తప్పేది కాదు కాబట్టి మాటలు వాటంతటవే కలిసేవి. ఇప్పుడు నీకు నిలబడాల్సిన అవసరం లేదు, ఎవరికి వాళ్ళం బండెక్కి పోతున్నాం. కావాలని ఆగితే తప్ప ఎవరూ ఎవరికీ ఎదురుపడరు.

నీకు పని ఉందని తెలుసు. పది గంటలకి మీటింగ్ అంటావు. ఏడింటికి మడికి వస్తున్నావు కదా, నీళ్ళు పారేంత సేపు ఇయర్‌ఫోన్లు జేబులో పెట్టుకో, చాలు. మొదట్లో ఏం మాట్లాడాలో తోచదు. నువ్వే ఏదో చెప్పాలని లేదు. "పిన్నీ, మీ బంతి ఎన్ని రోజులకి మొగ్గేసింది?" అని అడుగు. అడిగించుకోవడం వాళ్ళకి గౌరవం. చదువుకున్న పిల్ల తమని అడిగిందని ఇంటికెళ్ళి చెప్పుకుంటారు.

మాఘంలో మన వీధిలోనే రెండు పెళ్ళిళ్ళున్నాయి. ఆ పువ్వు నీ చేలో కోయాలంటే కార్తీకం దాటకుండా నారు పోయాలి. చిత్త, స్వాతి వానలకి మడి మునగకుండా జానెడెత్తు కట్టుకో. విత్తనం నిరుడు కాసిన దాన్నుంచి ఆ పక్క చేను పిన్నే ఎండబెట్టి దాచింది, గుప్పెడిస్తుంది. రేపు పొద్దున్న నువ్వే వెళ్ళి అడుగు. వాన వస్తుందా అని ఆవిడ మళ్ళీ అడుగుతుంది, ఈసారి జవాబు చెప్పు.