దీవించలేకపోయిన కాగితం



మొన్న ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక మా విచారణకు చెందిన ఒక తల్లి కుమారుని వెంటబెట్టుకొని గుడి వరండాలోకి వచ్చింది. చేతిలో ఫైలు. "ఫాదర్ గారూ, ఎల్లుండి అబ్బాయికి హైదరాబాదులో ఇంటర్వ్యూ. ఈ కాగితాల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యండి" అన్నది. తెరిచి చూశాను. డిగ్రీ పత్రాల వెనుక, ఒక సాఫ్టువేరు కంపెనీలో మూడేళ్ళు పనిచేసినట్లు అనుభవ పత్రం ఉన్నది. ఆ మూడేళ్ళూ అతడు మా ఊళ్ళోనే ట్యూషన్లు చెప్పుకొంటూ, ఆదివారాలు మా గాయక బృందంలో తబలా వాయించాడు. (ఇది పాపసంకీర్తనంలో విన్నది కాదు. ఆ అబ్బాయి ఒప్పుకొన్న మీదటే వ్రాస్తున్నాను.)

"అమీర్‌పేటలో అందరూ ఇలాగే పెడతారంట ఫాదర్. లేకపోతే పిలవనే పిలవరంట" అన్నది తల్లి. అప్పుచేసి కొన్నారు ఆ కాగితాన్ని.

ఈ ఉద్యోగాల గురించి మన ఇళ్ళలో ఇలాంటి 'అంట'లు చాలా ఉన్నవి. కంప్యూటర్ సైన్సు చదివినవారికే వస్తాయంట. కాదు. పెద్ద కంపెనీలు మెకానికల్, సివిల్ చదివినవారిని కూడా తీసుకొని తామే తర్ఫీదు ఇచ్చాయి. విప్రో, టి.సి.ఎస్. వంటివి బి.ఎస్సి. పిల్లలనూ తీసుకొన్నాయి. డబ్బు కడితే దొడ్డిదారి తెరుచుకొంటుందంట. ఉద్యోగానికి పైసా తీసుకోమని ఆ కంపెనీలే బహిరంగంగా చెబుతున్నాయి. ఇవి తెలియక పడే పొరపాట్లు, తెలిస్తే పోతాయి. "అందరూ చేసేదే, ఎవరికీ నష్టం లేదు" అన్నది మాత్రం మనస్సాక్షికి సంబంధించినది. దానికి సమాచారం మందు కాదు.

గురువిద్యాలయంలో మేము తత్వశాస్త్రం చదివే రోజులలో, పునీత తోమాసు అక్వినాసు అబద్ధాలను మూడు విధాలుగా విడదీసిన పాఠం ఉండేది. వేళాకోళానికి ఆడేది, మేలు కోసం ఆడేది, కీడు చేయటానికి ఆడేది. మూడూ తప్పే, మూడింటి బరువూ ఒకటి కాదు. ఆ తల్లి లెక్కలో ఇది రెండవ రకం. ఇల్లు నిలబెట్టుకోవటానికి ఆడినది. ఆమె భయం ఉత్తది కూడా కాదు. 2023–24లో టి.సి.ఎస్., ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలోనూ సిబ్బంది సంఖ్య తగ్గింది. కొత్తవారికి తలుపులు ఇరుకైన కాలమది.

కాని నష్టం ఎవరికీ లేదా? ఉన్నది ఉన్నట్లు వ్రాసుకొన్న మరొక ఇంటి బిడ్డ అదే వరుసలో నిలబడి ఉన్నాడు. మన కంటికి కనపడడు గనుక లేడనుకొంటాము.

సరే, అతణ్ణి పక్కన పెట్టండి. మన అబ్బాయికే ఉద్యోగం వచ్చిందనుకోండి. మొదటి వారంలోనే ఒక పని అప్పగిస్తారు. తెలియదు. కొత్తగా చేరినవాడైతే పక్కవారిని అడుగుతాడు, ఎవరూ తప్పుపట్టరు. మూడేళ్ళ అనుభవస్థుడు ఏ ముఖం పెట్టుకొని అడుగుతాడు? రాత్రి హాస్టలు గదికి వచ్చి, తెలిసినవాడికి డబ్బిచ్చి రహస్యంగా ఆ పని చేయించుకొంటాడు. ఇలా గడుపుతున్న పిల్లలు నిజంగానే ఉన్నారు. పని ద్వారా మనిషి మరింత మనిషి అవుతాడని రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1981లో తమ విశ్వలేఖలో బోధించారు. 'నాకు తెలియదు' అనే మాటను అమ్ముకొన్నవాడు ఆ పనిలో ఏమి నేర్చుకోగలడు? నేర్చుకోవటం మొదలయ్యేది ఆ మాటతోనే గదా!

పట్టుబడతాడని చెబితే ఆ తల్లి వెంటనే వినేదేమో. 2014 నుండి ప్రావిడెంట్ ఫండ్‌కు ఒక్కొక్కరికి ఒకే యు.ఎ.ఎన్. సంఖ్య ఉన్నది. ఎక్కడ ఎప్పుడు పనిచేశారో దానితో తేలిపోతుంది. కాని ఆ మాట నేను కావాలనే ముందు చెప్పలేదు. భయంతో మానినవారు, పట్టుబడని ఉపాయం దొరికిన నాడు మళ్ళీ అప్పుచేస్తారు.

ఆ రోజు నేను అబ్బాయి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. ఫైలు మీద పెట్టలేదు. ఆమె మొహం చిన్నబుచ్చుకొని వెళ్ళిపోయింది, ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడటం లేదు. అబ్బాయి మాత్రం ఆ ఇంటర్వ్యూకు వెళ్ళలేదు. కొత్తవాడిగానే రెండు కంపెనీల పరీక్షలు వ్రాశాడు, రెండూ తప్పాడు. మూడవది వచ్చే నెలలో ఉన్నదట. అప్పు తీరేదాకా ట్యూషన్లు మాననని చెప్పి, తబలా సరిచేసుకోవటానికి లోపలికి వెళ్ళాడు.