ఫ్రీ సీటు ఎవరి సొమ్ము?

అమెరికాలో తెలుగువాళ్ళం నలుగురం కలిస్తే ఇళ్ళ ధరల తర్వాత వచ్చే మాట పాయింట్లే. ఏ కార్డుకి ఎన్ని మైళ్ళు, వాటితో హైదరాబాదు దాకా బిజినెస్ క్లాసులో కాళ్ళు చాపుకుని ఎలా వెళ్ళొచ్చు అని. నేనూ అలా వెళ్ళినవాణ్ణే. పన్నులు కట్టి, "ఫ్రీగా వచ్చేశాం" అంటాం.

ఆ మాటతోనే నాకు పేచీ. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పథకం మొదలైనప్పుడు మైళ్ళు విమానం ఎక్కినందుకు వచ్చేవి. ఇప్పుడు కార్డు గీకినా వస్తాయి. గీకిన ప్రతిసారీ కొట్టువాడు ఇంచుమించు రెండు శాతం రుసుము కడతాడు. నా మైళ్ళు అందులోవే. ఆ రుసుము సరుకు ధరలో కలుస్తుంది. కార్డు లేక నోట్లు లెక్కపెట్టి ఇచ్చే మనిషికీ అదే ధర, మైళ్ళు మాత్రం రావు. నగదు వాడే కుటుంబం నుంచి ఏటా సగటున 149 డాలర్లు కార్డు వాడేవాళ్ళకి చేరుతున్నాయని 2010లో బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు.

నేనొక్కణ్ణి మానేస్తే ధర తగ్గుతుందా? తగ్గదు. ఆ డబ్బు బ్యాంకుకి మిగులుతుంది, అంతే. అందుకే సీటు వదులుకోమని ఎవరికీ చెప్పను. కానీ 2015లో యూరోపియన్ యూనియన్ మామూలు క్రెడిట్ కార్డుల మీద ఈ రుసుముకి 0.3 శాతం హద్దు పెట్టింది. ఇక్కడ రుసుము తగ్గించే మాట ఎత్తితే చాలు, "మీ పాయింట్లు పోతాయి" అని బ్యాంకులూ ఎయిర్‌లైన్లూ మనల్ని భయపెడతాయి. మన ధర్మం తేలేది అప్పుడే. పోతే పోనీ అనగలిగినవాడికే ఆ సీటులో నిద్ర పట్టాలి.