ఇంటికి కొత్త ఫోన్, ఎవరి చేతికి?

నెల జీతం మీద నడిచే ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఇప్పుడు గ్యాస్ బండ, బియ్యం బస్తాల వరుసలో చేరిన వస్తువు. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా ధర నేలకు దిగింది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో వచ్చినా, టీచరుకు హోంవర్కు చూపించడానికి వాట్సాప్ కావాల్సివచ్చింది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో ధ్రువపత్రాల దరఖాస్తులను, బిల్లుల చెల్లింపులను కూడా వాట్సాప్‌లోకి తెచ్చింది. ఫోన్ లేకపోతే ఆగిపోయే పనులు ఇన్ని ఉన్నప్పుడు, కొనాలా వద్దా అన్న చర్చకు చాలా ఇళ్లలో తావే లేదు. ఎంతలో కొనాలి, ఎన్నేళ్లు వాడాలి, ఎవరికి ఇవ్వాలి అన్నవే తేల్చుకోవాల్సినవి. మొదటి రెండింటి మీద ఇంటిల్లిపాదీ మాట్లాడతారు. మూడోది చాలా ఇళ్లలో మాటల్లేకుండానే తేలిపోతుంది.

ఎంతలో అన్న లెక్కను చాలామంది ఫోన్ ధర దగ్గరే ఆపేస్తారు. ఫోన్‌కు ఒకసారి కడితే సరిపోతుంది, రీచార్జికి మాత్రం కడుతూనే ఉండాలి. 2024 జులైలో టెలికాం కంపెనీలు చార్జీలు పెంచినప్పుడు జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ 239 రూపాయల నుంచి 299కి చేరింది. గడువు 28 రోజులే కాబట్టి ఏడాదికి 13 సార్లు వేయించాలి. ఆ లెక్కన ఒక్కో నంబరుకు 3,887 రూపాయలు, నాలుగు ఫోన్లున్న ఇంటికి 15,548 రూపాయలు. ఓ మోస్తరు మంచి ఫోన్ ధర ఏటా రీచార్జి కింద కరిగిపోతోందన్నమాట. ఇంట్లో వైఫై ఉండి, రోజులో ఎక్కువసేపు ఇంటి పట్టునే ఉండేవారి నంబరుకు డేటా తక్కువున్న ప్లాన్ వేయిస్తే మిగిలేది చిన్న మొత్తమేమీ కాదు. అలా మిగిలినది ఫోన్ ధరలో కలుపుకోవచ్చు.

ధరలో పన్ను భాగమూ తెలిసి ఉండాలి. 2020 ఏప్రిల్ 1న మొబైల్ ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. 2025 సెప్టెంబరు 22న ఏసీలకు, పెద్ద టీవీలకు 28 నుంచి 18కి తగ్గినప్పుడు కూడా ఫోన్లు ఉన్నచోటే ఉండిపోయాయి. 12,000 రూపాయల ఫోన్‌లో సుమారు 1,830 రూపాయలు పన్నే. బడి పనికీ పింఛను పనికీ అవసరమైన వస్తువు మీద ఇంత పన్ను ఎక్కువే. అలాగని, బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తానన్న దుకాణంలో కొంటే నష్టం కొనేవారిదే. బిల్లు లేని ఫోన్‌కు వారంటీ అడగడం కష్టం.

ఎన్నేళ్లు అన్నది ధరకన్నా ముఖ్యమైన లెక్క. 9,000 రూపాయల ఫోన్ రెండేళ్లకే మూలనపడితే ఏడాదికి 4,500 పడినట్టు. 15,000 ఫోన్ ఐదేళ్లు నడిస్తే ఏడాదికి 3,000. చేతిలో డబ్బు లేక చౌకది కొన్న ఇల్లే చివరికి ఎక్కువ ఖర్చుపెడుతుంది. పేదరికానికి ఉన్న క్రూరమైన లక్షణాల్లో ఇదొకటి. అందుకే తొందరలేని ఇల్లు పాత ఫోన్‌తో ఇంకో ఆరు నెలలు నెట్టుకొచ్చి, ఆలోగా డబ్బు కూడబెట్టి ఒక మెట్టు పైది కొనడం మంచిది.

ఫోన్ ఆయుష్షును తేల్చేవి ముఖ్యంగా మూడు. మొదటిది సెక్యూరిటీ అప్‌డేట్లు. ఆండ్రాయిడ్‌లో బయటపడే లోపాలకు గూగుల్ 2015 ఆగస్టు నుంచి నెలనెలా సవరణలు విడుదల చేస్తోంది. అవి చేతిలోని ఫోన్‌కు చేరతాయా, ఎన్నేళ్లు చేరతాయి అన్నది తయారీ కంపెనీ మీద ఆధారపడుతుంది. చౌక ఫోన్లలో ఇది రెండు మూడేళ్లకే ఆగిపోవడం మామూలు. అయితే శాంసంగ్ తన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్లు ప్రకటించింది. అంటే మధ్యతరగతి ధరలోనూ ఇది సాధ్యమే. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి వచ్చే ఫోన్లకు కనీసం ఐదేళ్ల అప్‌డేట్లను, 800 సార్లు చార్జి చేశాక కూడా 80 శాతం సామర్థ్యం నిలిచే బ్యాటరీని తప్పనిసరి చేసింది. మన దగ్గర మాత్రం అప్‌డేట్లు ఎన్నేళ్లన్న ప్రశ్నను కౌంటరు ముందు నిలబడ్డవారే అడగాలి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగేవారిలో సగంమంది అప్‌డేట్లు ఎన్నేళ్లని అడిగినా కంపెనీల తీరు మారుతుంది.

రెండోది బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి శత్రువు. మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో రేకుల ఇంట్లో చార్జింగ్‌కు పెట్టి దిండు కింద వదిలేసిన ఫోన్ బ్యాటరీ, చల్లటి ఊళ్లో ఉన్నదానికన్నా త్వరగా క్షీణిస్తుంది. బ్యాటరీ నీరసించినంత మాత్రాన ఫోన్ మార్చనక్కర్లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్లో కొత్తది వేయిస్తే మరో రెండేళ్లు లాగవచ్చు. కాబట్టి కొనబోయే కంపెనీ సర్వీస్ సెంటర్ జిల్లా కేంద్రంలోనైనా ఉందో లేదో ముందే కనుక్కోవాలి. మూడోది స్టోరేజ్. 64 జీబీలో సిస్టమే పెద్ద ముక్క మింగేస్తుంది. మిగిలినదాన్ని కుటుంబ గ్రూపుల్లో వచ్చే పెళ్లి వీడియోలు, పొద్దున్నే వచ్చే శుభోదయాల బొమ్మలు నింపేస్తాయి. నాలుగైదేళ్లు వాడాలనుకుంటే 128 జీబీకి తగ్గకూడదు.

మిగతా విశేషాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చౌక ఫోన్ల వెనకవైపు కనిపించే 2 మెగాపిక్సెళ్ల అదనపు కెమెరాలు లెక్క పెంచడానికే తప్ప ఫోటోకు పనికొచ్చేది తక్కువ. ‘వర్చువల్ ర్యామ్’ అంటే స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడటం, దానికి అసలు ర్యామ్ వేగం రాదు. ఇలాంటివాటిని పోల్చుతూ వారాల తరబడి వీడియోలు చూసేవారికి హెర్బర్ట్ సైమన్ ఆలోచన అక్కరకొస్తుంది. 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఈ అమెరికన్ చెప్పినదాని సారాంశం ఇది: మనిషికి ఉన్న సమయం, సమాచారం పరిమితం, కాబట్టి అన్నిటికన్నా ఉత్తమమైనదాన్ని వెతకడు, తాను ముందే గీసుకున్న గీతను దాటినది కనిపించగానే ఆగుతాడు. ఇంటి బడ్జెట్‌కు ఇంతకన్నా పనికొచ్చే సూత్రం దొరకదు. ధర ఇంత, అప్‌డేట్లు ఇన్నేళ్లు, స్టోరేజ్ ఇంత, సర్వీస్ సెంటర్ ఫలానా ఊళ్లో అని కాగితం మీద రాసుకుని, వాటికి సరిపోయిన మొదటి ఫోన్ దగ్గర ఆగిపోవచ్చు.

ఆ గీత చెరిగిపోయేది వాయిదాల దగ్గర. నెలకు 1,500 అనగానే 15,000 కోసం వచ్చినవారి చూపు 22,000 వైపు పోతుంది. ‘నో కాస్ట్ ఈఎంఐ’లో సాధారణంగా వడ్డీకి సమానమైన మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపి, ఆ వడ్డీని వాయిదాల్లో వసూలు చేస్తారు. దాని మీద ప్రాసెసింగ్ రుసుము ఉండవచ్చు, కార్డు మీదైతే వడ్డీకి 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. కొన్ని ఫైనాన్స్ సంస్థలు వాయిదా తప్పితే ఫోన్‌ను లాక్ చేసే యాప్ వేసి మరీ ఇచ్చిన సందర్భాలున్నాయి. వాయిదాల మీద కొనడం తప్పేమీ కాదు. చిట్టీ, ఇంటద్దె, స్కూలు ఫీజు పోగా మిగిలిన దాంట్లోంచి కట్టగలిగితే అది సౌకర్యమే. ఆ మిగులు లేకుండా సంతకం పెడితే మాత్రం ఇంట్లో ఎవరిదో ఒకరి మందులకో, చదువుకో కోత పడుతుంది.

ఇక ఎవరికి అన్న మాట. కొత్త ఫోన్ ఇంటాయన చేతికో, ఇంజినీరింగ్ చదివే అబ్బాయి చేతికో వెళ్తుంది. ఆయన వాడినది అమ్మకు, అమ్మ వాడినది నాయనమ్మకు వస్తుంది. ఈ వరుసను ఎవరూ నిర్ణయించినట్టు కనిపించదు, అయినా ఇంటింటా ఇదే వరుస. చివరికి వచ్చే ఫోన్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే దాని చరిత్ర అంతా కనిపిస్తుంది. మూల పగిలిన అద్దం మీద టేపు అంటించి ఉంటుంది. చార్జింగ్ పిన్ను వదులై, వైరును ఒక పక్కకు వంచి పప్పు డబ్బాకు ఆనించి పెడితేగాని చార్జి ఎక్కదు. మనవరాలి ఫోటో తీద్దామంటే స్టోరేజ్ నిండిందని వస్తుంది. ఏ పాత ఫోటో తుడిచేయాలో తేల్చుకునేలోపు పిల్ల వెళ్లిపోతుంది. వెనక మూత కాస్త పైకి లేచి ఉంటే బ్యాటరీ ఉబ్బిందని అర్థం, దాన్ని ఆ క్షణమే వాడటం మానేయాలి.

అలా అమ్మ చేతికి వచ్చే పాత ఫోన్‌తో జరిగే పనులు చూస్తే ఈ వరుస ఎంత తలకిందులో తెలుస్తుంది. డ్వాక్రా సంఘం పొదుపు, పాలకూ కూరగాయలకూ ఫోన్‌పే, గ్యాస్ బుకింగ్, బడి గ్రూపులో వచ్చే సమాచారం, ఆధార్ ఓటీపీలు, వీటిలో చాలా భాగం ఆమె చేతిలోని ఫోన్ మీదే నడుస్తాయి. అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయిన ఫోన్‌లో ఆమె బ్యాంకు ఖాతా ఉంది. చలానా పేరుతోనో, పీఎం కిసాన్ పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే) ఫైలు అసలుదో నకిలీదో పోల్చుకునే అలవాటు ఇంట్లో అందరికన్నా తక్కువున్నదీ ఆమెకే కావచ్చు. అప్‌డేట్లు ఉన్నంత మాత్రాన మోసాలు ఆగవు. ఓటీపీ చెప్పేస్తే ఎంత ఖరీదైన ఫోనూ కాపాడలేదు, అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. కానీ కాపలా అవసరం ఎక్కువున్నవారికే అతి తక్కువ కాపలా ఉన్న ఫోన్ ఇవ్వడం ఏ లెక్కన చూసినా తప్పు.

ఈ తప్పు చెడ్డతనం వల్ల జరగడం లేదు. అమర్త్యసేన్ 1990లో కుటుంబంలోని స్త్రీ పురుష సంబంధాల మీద రాసిన వ్యాసంలో దీని మూలాన్ని చూపించారు. ఇంట్లో అందరూ కలిసే బతుకుతారు, కలిసి ఉండటం వల్ల అందరికీ లాభమే. కానీ ఆ లాభం పంపకంలో, ఎవరి సంపాదన కంటికి కనిపిస్తుందో వారి వైపు తక్కెడ మొగ్గుతుంది. తనకంటూ వేరే అవసరం ఉందని అనుకోవడం అలవాటు లేని మనిషికి తక్కువ దక్కుతుంది. ‘నాకెందుకురా కొత్తది, వాడు చదువుకునేవాడు, వాడికివ్వండి’ అని ఆమె అనే మాట మనస్ఫూర్తిగా అన్నదే. ఆ మాటను అంగీకారంగా తీసుకుని చర్చ ముగించడంలోనే అన్యాయం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్నవారు దేశంలో సుమారు 54 శాతం, తెలంగాణలో 60, ఆంధ్రప్రదేశ్‌లో 49 శాతం. సొంత ఫోనే లేనివారు ఇందరున్నచోట, ఉన్నవారి చేతిలో ఎలాంటిది ఉందన్న ప్రశ్న వినపడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కొత్త ఫోన్ ఎప్పుడూ అమ్మకే ఇవ్వాలని ఇక్కడ వాదన కాదు. స్విగ్గీ, రాపిడోల మీద బతికే మనిషికి ఫోన్ పనిముట్టు. అది మధ్యాహ్నం ఆగిపోతే ఆ రోజు కూలి పోయినట్టే, అలాంటి ఇంట్లో మొదటి హక్కు ఆయనదే. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థికి ఖరీదైన ఫోన్‌కన్నా ఆ డబ్బుతో పాత ల్యాప్‌టాప్ కొనివ్వడం ఎక్కువ మేలు. స్నేహితుల ముందు తీసి చూపించడానికి కావాలన్న కోరికనూ చిన్నచూపు చూడనక్కర్లేదు, ఆ వయసులో అది నిజమైన బాధే. కానీ వరుసలో అది చివర నిలబడాలి. పెద్దవారికి కొనేటప్పుడు చూడాల్సినవి వేరు: స్పీకరు గట్టిగా వినిపించాలి, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చా, తెలుగులో మాట్లాడితే టైపు అవుతోందా అని దుకాణంలోనే చూసుకోవాలి. అంట్లు తోమి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లకు వేలిముద్ర సెన్సరు తరచూ పలకదు. వారికి పిన్ నంబరు తప్పనిసరిగా పెట్టి నేర్పించాలి.

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనడంలో తప్పు లేదు, జాగ్రత్త ఉంటే చాలు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్‌లో కొన్నా, తెలిసినవారి దగ్గర కొన్నా *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐని 2023 మేలో మొదలైన సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూసుకోవాలి. అది పోయినట్టు ఫిర్యాదై బ్లాక్ చేసిన ఫోనైతే అక్కడే బయటపడుతుంది. సొంత పాత ఫోన్ అమ్మేముందు యూపీఐ, బ్యాంకు యాప్‌లలోంచి బయటికొచ్చి, గూగుల్ ఖాతా తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి.

ఈ పండక్కి ఫోన్ కొనాలనుకునే ఇల్లు దుకాణానికి బయల్దేరే ముందు, ఇంట్లోని ఫోన్లన్నీ ఒకచోట పెట్టి, సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీని ఒక్కొక్కదానిలో చూడాలి. అన్నిటికన్నా పాత తేదీ ఎవరి ఫోన్‌లో ఉందో, ఆ ఫోన్‌తోనే వారి బ్యాంకు ఖాతా నడుస్తోందా లేదా చూడాలి. నడుస్తుంటే, వారు వద్దన్నా సరే, ఈసారి కొత్త ఫోన్ వారికే కొనండి.